నడుమునొప్పి – విద్యుద్యంత్రము

నాట్లయందును కలుపుతీతయందును దినమెల్ల వంగియుండు మన రైతులకు నడుమునొప్పి క్రొత్తది కాదు. అది మూడు మాసములు మించినచో దీర్ఘవ్యాధి యందురు. చర్మమున కంటించిన బిళ్లలద్వారా స్వల్పవిద్యుత్తును పంపు యంత్రములు దీనికై అమ్మబడుచున్నవి. ఆ జుమజుమ నొప్పివార్తను వెన్నుపాములోనే యడ్డగించునని వానిని సమర్థించువారి వాదము. 1965లో మెల్జాక్, వాల్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిన సిద్ధాంతము దాని కాధారము. కొందరికి కొంతసేపు హాయి కలుగవచ్చును. కాని 2023లో ప్రపంచ ఆరోగ్యసంస్థ సాధారణచికిత్సగా దానిని వాడవలదని తెలిపి, క్రమమైన వ్యాయామమును సూచించినది. అప్పుచేసి యంత్రము కొనుటకు మేము సమ్మతింపము.

పొలముపని చాలదా యందురేమో! వంగి పనిచేయుట వేరు, వెన్నుకండరములను బలపరచుట వేరు. వెల్లకిల పరుండి, మోకాళ్లు మడచి, నడుమును మెల్లగా నెత్తి దింపవలెను, నిత్యము నడువవలెను, వారములకొలది మానరాదు. కాళ్లు పట్టుదప్పినను, మూత్రము బంధించినను ఆనాడే ఆసుపత్రికి పోవలెను.