బండి ఉంటే ఇల్లు రాదా?

ఇళ్ల సర్వే అనే మాట వినపడగానే పల్లెల్లో ఒక పుకారు లేస్తుంది. మోటారు సైకిలుంటే ఇల్లు రాదట, ఫ్రిజ్ ఉంటే అసలే రాదట! ఇంకేం, బండి బామ్మర్ది పేరు మీదికి మారుతుంది, ఫ్రిజ్ పక్కింటికి చేరుతుంది. ఇంకొందరు ‘మనకెలాగూ రాదులే’ అని పేరే రాయించుకోరు. రెంటచింతల ఎండల్లో ఫ్రిజ్ దాచుకుని ఉడికిపోవడం ఏం తెలివో!

ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్‌లో ఒకప్పుడు అనర్హతలు 13. వాటిలో రెండు చక్రాల బండి, ఫ్రిజ్, ల్యాండ్‌లైన్ ఫోను ఉన్న మాట నిజమే. 2024లో ఆ మూడూ ఎత్తేశారు. నెల ఆదాయ పరిమితిని కూడా 10 వేల నుంచి 15 వేలకు పెంచారు. పైగా, బండి బామ్మర్ది పేరున ఉండగా దాని మీద ప్రమాదం జరిగి మీకేమైనా అయితే, ఓనర్-డ్రైవర్ ప్రమాద బీమా మీ ఇంటికి రాదు. పుకారు మోసినవాడు ఆ సంగతి చెప్పడు.

అడ్డుపడేవి వేరే ఉన్నాయి. ఆటో, కారు, ట్రాక్టర్; ఇంట్లో ప్రభుత్వోద్యోగి; ఆదాయపు పన్ను, వృత్తి పన్ను కట్టేవాళ్లు. నాగార్జున సాగర్ కుడి కాలువ నీరందే రెండున్నర ఎకరాలున్నా, మెట్టలో ఐదెకరాలున్నా ఇల్లు రాదు.

‘బ్యాంకు అప్పుంటే ఇల్లు రాదు’ అనేదాంట్లో మాత్రం సగం నిజముంది, ఒప్పుకోక తప్పదు. కిసాన్ క్రెడిట్ కార్డు పరిమితి 50 వేలు, ఆపైన ఉంటే అనర్హులే. మిరప వేసే రైతుకు అదొక లెక్కా? పురుగుమందులకే చాలదు. నాకు నచ్చని రూలు, కానీ ఉంది. చూసేది కార్డు పరిమితిని, బాకీని కాదు. అప్పు తీర్చేసినా లాభం లేదు. డ్వాక్రా అప్పు ఈ లెక్కలోకి రాదు.

నరసరావుపేట, మాచర్ల మునిసిపాలిటీల్లో, గురజాల నగర పంచాయతీలో అమలయ్యే ఆవాస్ యోజన పట్టణ పథకం రూల్సు వేరు. పేదల విభాగంలో కుటుంబ ఆదాయం ఏడాదికి 3 లక్షలు దాటకూడదు, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. పెళ్లయిన కొడుకుది అక్కడ వేరే కుటుంబమే. తండ్రి డాబా అతనికి అడ్డు కాదు.

తెల్ల రేషన్ కార్డుంటే చాలంటారు, చాలదు. జాబితాలో పేరెక్కిస్తానని డబ్బడిగేవాడికి ఇస్తే, ఆ డబ్బు పోయినట్టే.

ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు, పొలముంటే పట్టాదారు పాసుపుస్తకం పట్టుకుని మీ గ్రామ లేదా వార్డు సచివాలయానికి వెళ్లండి. మీ ఊరు ఏ పథకం కిందికొస్తుందో ముందు అడగండి. ఇల్లు ఆడమనిషి పేరునో, భార్యాభర్తలిద్దరి పేరునో రాయించండి. రాదంటే, ఏ రూలు ప్రకారం రాదో కాగితం మీద రాసివ్వమనండి.