వార్తల్లో పదం: మహావృత్త దూరం

భూగోళం మీద రెండు ఊళ్ల మధ్య అతి దగ్గరి దారిని మహావృత్త దూరం అంటారు. నగరాల మధ్య విమాన దూరంగా వెబ్‌సైట్లు చూపే కిలోమీటర్లు సాధారణంగా ఇవే. కానీ ప్రయాణ సమయాన్ని ఈ ఒక్క అంకెతో లెక్కగట్టడం తప్పు. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీ నుంచి టోక్యోకు ఈ దూరం సుమారు 7,800 కిలోమీటర్లు. సైబీరియా మీదుగా ఎగిరినన్నాళ్లూ ఫిన్‌ఎయిర్ విమానం దాదాపు తొమ్మిదిన్నర గంటల్లో చేరేది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌పై రష్యా దాడి చేశాక, ఐరోపా దేశాలూ రష్యా పరస్పరం గగనతలాన్ని మూసేసుకున్నాయి. ఊళ్లు ఉన్నచోటే ఉన్నాయి, ప్రయాణం మాత్రం 13 గంటలకు పెరిగింది. విమానాలు ఉత్తర ధ్రువం మీదుగానో, మధ్య ఆసియా మీదుగానో చుట్టు తిరగాల్సి వచ్చింది.

యుద్ధం రోజూ ఉండదుగా అనొచ్చు. గాలి రోజూ ఉంటుంది. పడమటి నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ వల్ల న్యూయార్క్ నుంచి లండన్‌కు పట్టే సమయం, తిరుగు ప్రయాణం కన్నా సాధారణంగా తక్కువ. 2020 ఫిబ్రవరిలో, తుపాను గాలుల ఊపుతో, బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం ఒకటి 4 గంటల 56 నిమిషాల్లోనే లండన్ చేరింది. మరి ఇంధనం అంచనాకు దూరం అక్కర్లేదా? కావాలి, అయితే ఆ లెక్క వేసేది అనుమతి ఉన్న దారిని బట్టి, ఆనాటి గాలిని బట్టి. కనెక్టింగ్ విమానం ఎంచుకునేవారు కిలోమీటర్లను కాక, ఆ సర్వీసు షెడ్యూల్ సమయాన్నే నమ్మాలి.