ఒక్క బీరువాకే చోటుంది!

నచ్చిన పుస్తకం ఏదంటే ఎవరైనా టక్కున చెబుతారు. నచ్చనిదేదని అడిగితేనే నీళ్లు నములుతారు. ఇల్లు మారే రోజున మాత్రం రెండింటికీ జవాబు చెప్పక తప్పదు. చిక్కడపల్లిలో ఏళ్ల తరబడి పుస్తకాలు పోగేసిన ఓ పాఠకురాలి ఎంపిక ఇది.

మా పాత ఇంటిని బిల్డరుకి ఇచ్చాం. అపార్ట్‌మెంటు లేచేదాకా అశోక్‌నగర్‌లో రెండు గదుల పోర్షన్. నావేమో మూడు బీరువాల పుస్తకాలు. 'ఒక్క బీరువా పెట్టుకోండి అత్తయ్యా, మిగతావి చదివేవాళ్లకి ఇచ్చేద్దాం' అంది కోడలు. సబబైన మాటే. కానీ ఏవి ఉంచాలి, ఏవి పంపాలి?

అసలు ఈ పేటలో ఉన్నవాళ్లకి పుస్తకాల జబ్బు అంటుకోకపోతేనే వింత. నడిచి వెళ్లేంత దూరంలో నగర కేంద్ర గ్రంథాలయం. త్యాగరాయ గానసభకి వెళ్తే ఏదో ఒక పుస్తకావిష్కరణ. నారాయణగూడ దాటి కాచిగూడ చౌరస్తాకి వెళ్తే నవోదయ. ఆదివారమైతే అబిడ్స్ ఫుట్‌పాత్. ఇవి చాలవన్నట్టు అప్పట్లో సందుకో అద్దె పుస్తకాల షాపు. అందుకే నా బీరువాల్లో గురజాడ పక్కనే యండమూరి, విశ్వనాథ పక్కనే యద్దనపూడి ఉంటారు. వాళ్లెప్పుడూ పోట్లాడుకోలేదు. వాళ్లని విడదీయాల్సి రావడమే కష్టమైంది.

ఇవి కదలవు!

మొదట లోపలికి వెళ్లింది 'కన్యాశుల్కం'. 1892లో విజయనగరంలో నాటకంగా ఆడారు. 1897లో అచ్చయింది. గురజాడ దాన్ని బాగా పెంచి, తిరగరాసి 1909లో మళ్లీ తెచ్చారు. ఇవాళ మనం చదివేది ఆ రెండోదే. గిరీశం కబుర్లకి నవ్వనివాళ్లుండరు. కానీ ముసలి లుబ్ధావధాన్లుకి ఇచ్చి చెయ్యాలనుకున్న పసిపిల్ల సుబ్బి గుర్తొస్తే ఆ నవ్వు గొంతులోనే ఆగిపోతుంది. నవ్విస్తూనే సిగ్గుపడేలా చేసే పుస్తకం ఇంట్లో ఒకటుండాలి.

రెండోది దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు'. నిజాం రోజుల్లో దొర గడీ చుట్టూ తిరిగే ఊరి కథ. దొరసానికి తోడుగా పుట్టింటి నుంచి పంపే ఆడబాప బతుకు ఎలా ఉండేదో నాకు తెలిసింది చరిత్ర పాఠంలో కాదు, ఈ నవలలో. ఇందులో తెలంగాణ పల్లె తన మాటే తాను మాట్లాడుతుంది. పుస్తకమంటే మన ఇళ్లలో మాట్లాడే భాష కాదనుకునేవాళ్ల చేతిలో ముందు ఇది పెట్టాలి.

మూడోది 1969లో వచ్చిన 'అంపశయ్య'. రచయిత నవీన్ పేరు ముందు అదే ఇంటిపేరై కూర్చుంది! ఉస్మానియా హాస్టల్లో ఉండే రవి అనే విద్యార్థి ఒక్కరోజు జీవితం అంతా. జేబులో డబ్బుండదు, రేపేమిటో తెలియదు, ఇంట్లోవాళ్ల ఆశలు మాత్రం బండంత బరువు. యూనివర్సిటీ మాకు ఎంతో దూరం కాదు కాబట్టి ఆ కథ పక్కింట్లో జరిగినట్టే ఉంటుంది.

నాలుగోది శ్రీరమణ 'మిథునం'. ఓ ముసలి దంపతుల కథ. బాపుకి ఎంత నచ్చిందంటే మొత్తం తన చేతిరాతతో రాసుకున్నారు. మలయాళంలో 2000లో, తెలుగులో 2012లో సినిమాలయింది. మావారు పోయాక దాన్ని ఒకేసారి చదివాను. మళ్లీ తెరిచే ధైర్యం రాలేదు. అయినా ఇవ్వను.

ఇక ముళ్లపూడి 'బుడుగు' బీరువాలో ఉండదు. మనవడి దిండు కింద ఉంటుంది!

దణ్ణం పెట్టి పంపినవి

ఇప్పుడు అసలు చిక్కు. 'వేయిపడగలు' నచ్చలేదంటే సాహిత్యం తెలియదంటారేమోనని చాలామందికి భయం. 1934లో ఆంధ్రా యూనివర్సిటీ పోటీలో బాపిరాజు 'నారాయణరావు'తో బహుమతి పంచుకున్న నవల. పి.వి.నరసింహారావు 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి తీసుకెళ్లారు. గొప్పదని తెలుసు. పసిరిక వచ్చినప్పుడల్లా నాకూ ఒళ్లు పులకరిస్తుంది. కానీ ధర్మారావు చర్చ మొదలుపెట్టాడా, కథ వీధి అరుగు మీద కూర్చుండిపోతుంది. ఊరు మారిపోతోందన్న ఆయన బాధ అర్థమవుతుంది. మారితే తప్ప బతుకు బాగుపడనివాళ్ల సంగతి ఏమిటన్న నా ప్రశ్నకి మాత్రం జవాబు దొరకలేదు.

బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' కూడా అంతే. వాక్యం వాక్యం అందమే. అయితే దయానిధి తన మనసుని తవ్వుకున్నంతగా ఎదుటి మనిషి వైపు చూడడు. ఆ నవల అమృతం చెబితే ఎలా ఉండేదో అనిపిస్తుంది నాకు.

యండమూరి 'తులసిదళం' విషయం వేరు. పుస్తకం కింద పెట్టనివ్వదు. అంత పట్టు ఉన్న రచయిత ఓ పసిపాప మీద చేతబడి కథ రాసి, మంత్రానికీ మందుకీ సమానంగా పీట వేయడమే నాకు మింగుడుపడలేదు. పల్లెల్లో చేతబడి అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు చదువుతున్నప్పుడు ఆ భయం సరదాగా అనిపించదు.

అన్నింటికన్నా నచ్చనివి? పోటీ పరీక్షల గైడ్లు! మావాడి గ్రూప్స్ రోజులనాటివి అరడజను. ఏ నవల ఎవరు రాశారో వాటిలో ఉంటుంది. ఎందుకు చదవాలో ఉండదు.

మీరూ వేయండి ఓ జాబితా

ఈ ఆదివారం మీ ఇంట్లోనూ ప్రయత్నించండి. తలా మూడు నచ్చినవి, మూడు నచ్చనివి. షరతు ఒక్కటే... 'బాగుంది', 'బోర్' అంటే కుదరదు. కారణం చెప్పాలి. పెద్దవాళ్లు మెచ్చిన పుస్తకం పిల్లలకు నచ్చకపోతే కోప్పడకండి. కారణం చెప్పగలిగితే వాళ్లు నిజంగా చదివినట్టే. అసలు ప్రమాదం నచ్చలేదనడం కాదు, ఏదీ గుర్తులేదనడం. అక్కర్లేని పుస్తకాల్ని తూకానికి వేయకండి. మీకు నచ్చనిదే ఇంకొకరికి ప్రాణం కావచ్చు.

అన్నట్టు, మా గ్రంథాలయంలో పొద్దుట్నుంచి రాత్రిదాకా తల వంచుకుని కూర్చునే కుర్రాళ్లకి ఓ మాట. పరీక్ష అయిపోయిన మర్నాడు గైడు మూసేసి 'అంపశయ్య' అడిగి తీసుకోండి నాయనా. ఫలితాలు వచ్చేదాకా మీలాంటివాడే ఒకడు మీకు తోడుంటాడు.