వెనక్కి తిరిగి కూర్చున్న పాపాయి

వోల్వో అనగానే మనకి గుర్తొచ్చేది ఏసీ బస్సే. హైదరాబాదు నుంచి బెంగుళూరుకో, విజయవాడకో రాత్రి ప్రయాణమంటే "వోల్వోలో టిక్కెట్టు దొరికిందా?" అని అడగడం అలవాటై చాలాకాలమైంది. ఆ పేరుతో కార్లు కూడా ఉన్నాయనీ, మనబోటి వాళ్ళు ధర అడిగి గమ్మున వెనక్కి వచ్చేసే రకమనీ నాకు నిరుడు వేసవిలో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ వెళ్ళాకే తెలిసింది. మా ఆడపడుచు వాళ్ళు ఉండేది అక్కడే. వోల్వోకి పుట్టిల్లు కూడా ఆ ఊరే.

వాళ్ళ కారు చూస్తే ఆడంబరమేమీ లేదు. లేతరంగు చెక్క పలకలు, నడుముకి హాయిగా ఆనే సీట్లు, అంతే. నేను అలవాటు కొద్దీ ముందు సీట్లో కూర్చుని, మూడేళ్ళ మేనకోడల్ని ఒళ్ళోకి రమ్మని చేతులు చాచాను. "అయ్యో, ఒళ్ళో వద్దు వదినా!" అంటూ మా ఆడపడుచు పాపని వెనక సీటు మీద, వెనక్కి తిరిగి ఉన్న చిన్న కుర్చీలో కూర్చోబెట్టి బెల్టు బిగించింది. నాకు ప్రాణం ఉసూరుమంది. అమ్మ మొహం కనపడదు, ఎదర రోడ్డు కనపడదు. పసిదానికి ఇదేం శిక్ష?

శిక్ష కాదట. చిన్నపిల్లలకి ఒంటితో పోలిస్తే తల పెద్దది, మెడ లేత. కారు ఎదురుగా దేన్నైనా గుద్దితే, ముందుకు చూస్తూ కూర్చున్న పిల్ల ఒళ్ళు బెల్టు దగ్గర ఆగుతుంది గానీ తల విసురుగా ముందుకు పోతుంది. భారమంతా మెడ మీదే. వెనక్కి తిరిగి ఉంటే తల, మెడ, వీపు కలిసి కుర్చీలోకి ఒదుగుతాయి. అంతరిక్షానికి వెళ్ళేవాళ్ళు వెల్లకిలా కూర్చునే పద్ధతి చూసి బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే స్వీడన్ ప్రొఫెసరుకి ఈ ఊహ వచ్చింది. 1964లో తొలి నమూనాని వోల్వో కారులో పరీక్షించారు, 1972లో కంపెనీ అమ్మకానికి పెట్టింది. అక్కడ నాలుగేళ్ళు వచ్చేదాకా పిల్లల్ని ఇలాగే కూర్చోబెట్టమంటారు. ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీట్లో మాత్రం ఈ కుర్చీ పెట్టనే కూడదు. అది విచ్చుకునే విసురు పాపకే తగులుతుంది.

వింటుంటే నా గుండె గుభేలుమంది. మావాడి ఏడాదిన్నర వయసులో గుంటూరు నుంచి వస్తూ వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాను. గేదె అడ్డం రావడంతో మావారు సడన్ బ్రేకు వేశారు. నా చేతుల్లోంచి జారి వాడి నుదురు డాష్‌బోర్డుకి తగిలింది. మూడు కుట్లు పడ్డాయి. అది ఒట్టి బ్రేకు మాత్రమే. గంటకి 50 కిలోమీటర్ల వేగంలో గుద్దుకుంటే పది కిలోల బిడ్డ ఆ క్షణంలో సుమారు 200 కిలోల బరువుతో ముందుకు దూసుకుపోతాడు. ఏ తల్లి చేతులు ఆపగలవు?

అన్నట్టు, ఇవాళ అన్ని కార్లలో ఉండే, భుజం మీంచీ నడుం మీంచీ వచ్చే బెల్టు కూడా వోల్వోదే. అంతకుముందు సాబ్ కంపెనీలో యుద్ధవిమానాల సీట్లు తయారుచేసిన నిల్స్ బోలిన్ దాన్ని రూపొందిస్తే, 1959లో కార్లలో పెట్టారు. ఒక్క చేత్తో చటుక్కున పెట్టుకునేలా ఉండాలన్నది ఆయన పట్టుదల. పేటెంటు ఉన్నా కంపెనీ దాన్ని అందరికీ వదిలేసింది. వ్యాపారంలో ఇలాంటివి తరచూ వినం కదా!

గర్భిణులు పొట్టకి ఒత్తుకుంటుందని బెల్టు మానేస్తుంటారు. మానకూడదు. కింది పట్టీ పొట్ట కిందుగా తొడల పైభాగం మీదుగా, పై పట్టీ రొమ్ముల మధ్య నుంచి పొట్ట పక్కగా రావాలి. ఇది పరిశీలించడానికి వోల్వో వాళ్ళు నిండు గర్భిణిని కంప్యూటరులో బొమ్మగా తయారుచేసి ప్రమాదాలు చేయించి చూశారు. మిగతా చోట్ల పరీక్షల్లో కూర్చునే బొమ్మలన్నీ ఏళ్ళ తరబడి మగవాళ్ళ కొలతలవే! వెనకనుంచి గుద్దినప్పుడు మెడ పట్టేసే బాధ ఆడవాళ్ళకే ఎక్కువ. ఆడమనిషి సగటు కొలతలతో బొమ్మ చేసి ఆస్ట్రిడ్ లిండర్ బృందం స్వీడన్‌లో చూపించింది 2022లో.

2004లో వోల్వో పూర్తిగా ఆడవాళ్ళ నిర్ణయాలతో ఒక నమూనా కారు చేయించింది. జుట్టు ముడేసుకున్నవాళ్ళ కోసం తల ఆనించే చోట సందు ఉంచారట! కొప్పులో కనకాంబరాలు పెట్టుకుని కారెక్కి, మెడ ముందుకు వంచి కూర్చునే మనకి ఆ సుఖం తెలుస్తుంది. ఆ కారు మాత్రం అమ్మకానికి రాలేదు.

ఆ కారు మనం కొనలేకపోవచ్చు. బెల్టు మన కార్లోనూ ఉందిగా? ఇంటికొచ్చి వెతికితే వెనక సీటువి కనపడవేం! సీటు కవరు కుట్టినతను బకిల్సుని లోపలికి తోసి కుట్టేశాడు. మనకి ఇన్నేళ్ళు తెలియనే లేదు. కత్తెర తెచ్చి కవరు కత్తిరించి బయటికి లాగాను. మొన్న అన్నవరం వెళ్తూ అత్తయ్యగారికి బెల్టు పెట్టబోతే, "ఏంటమ్మాయ్, సత్యనారాయణస్వామి దగ్గరికా, విమానంలోకా?" అని విసుక్కున్నారు. తుని దాటాక మావారు బ్రేకు వేసేసరికి గట్టిగా పట్టీ పట్టుకుని, "నీ వైపుది సరిగ్గా పడిందా, చూసుకో" అన్నారు.