అయిదుతోనా, నాలుగుతోనా?

పిల్లలూ, బియ్యం కొట్లో మీరీ తమాషా చూసే ఉంటారు. కొనడానికి వచ్చినవాడు బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు బియ్యం తీసి, అరచేతిలో పరిచి చూస్తాడు. నూకలెన్ని, రాళ్లెన్ని, గింజ పొడుగా పొట్టా అని పరీక్షిస్తాడు. ఆ గుప్పెడు బియ్యాన్ని మచ్చు అంటాం. అతను చూసేది మచ్చును. తెలుసుకోదలచింది మాత్రం బస్తా సంగతి. ఈ రెండూ వేరు వేరు. ఇంత చిన్న విషయం మరిచిపోయి, హెడ్మాస్టరునై ఉండి కూడా, నేనొకసారి ఒక పిల్లకు అన్యాయం చేశాను. ఆ కథే ఇప్పుడు మీకు చెప్పబోతున్నాను.

ఇది ముప్పై ఏళ్ల కిందటి మాట. మా బడిలో వైజ్ఞానిక ప్రదర్శన జరిగింది. పదో తరగతి అమ్మాయి ఒకతె లోలకం ప్రయోగం చేసి చూపించింది. సుమారు మీటరు పొడవున్న దారానికి ఇనుప గుండు కట్టి, దూలానికి వేలాడదీసి ఊపింది. గుండు ఇటునుంచి అటు వెళ్లి తిరిగి వస్తే ఒక ఊపు. అటువంటి 20 ఊపులకు ఎంత కాలం పడుతుందో స్టాప్ వాచీతో కొలిచింది. ఒకసారి కాదు, అయిదుసార్లు కొలిచింది. ఆమె నోటుపుస్తకంలో ఉన్న కొలతలు, సెకన్లలో, ఇవి:

40.2, 39.8, 40.4, 40.0, 39.6

గుండు ఒకటే, దారం ఒకటే, వాచీ ఒకటే. అయినా అయిదు కొలతలూ అయిదు రకాలుగా వచ్చాయి. ఇందులో వింత లేదు. వాచీ మీట నొక్కే వేలు ఒకసారి కాస్త ముందు పడుతుంది, ఒకసారి కాస్త వెనక పడుతుంది. ప్రయోగం చేసేవాడు సిగ్గుపడవలసిన పని లేదు. కాని ఆ తేడా ఏపాటిదో అతను చెప్పగలగాలి. "నా కొలతలు మామూలుగా ఇంత అటూ ఇటూ అవుతాయి" అని చెప్పడానికి ఉన్న లెక్కకే ప్రామాణిక విచలనం అని పేరు.

ఆ లెక్క చేసే పద్ధతి చూడండి. ముందు సగటు కట్టాలి. అయిదు కొలతలూ కలిపితే 200, సగటు 40. తరవాత ఒక్కొక్క కొలత సగటుకు ఎంత దూరంలో ఉన్నదో రాయాలి: 0.2 ఎక్కువ, 0.2 తక్కువ, 0.4 ఎక్కువ, సున్న, 0.4 తక్కువ. ఎక్కువలూ తక్కువలూ కలిపితే ఒకదానితో ఒకటి కొట్టుకుపోయి సున్న వస్తుంది. అందుచేత ఒక్కొక్కదాన్నీ దానితోనే గుణించి వర్గాలు కడతాం: 0.04, 0.04, 0.16, 0, 0.16. వీటి మొత్తం 0.40. ఇక ఈ మొత్తాన్ని భాగించి, వర్గమూలం తీస్తే లెక్క పూర్తవుతుంది.

కాని దేనితో భాగించాలి? అక్కడే వచ్చింది తగాదా.

ఆ అమ్మాయి 4తో భాగించింది. 0.10 వచ్చింది. వర్గమూలం సుమారు 0.32. నేను ఎర్ర పెన్సిలు తీసి, 4 కొట్టివేసి 5 వేశాను. అప్పుడు 0.08 వస్తుంది, వర్గమూలం సుమారు 0.28.

"ఏమ్మా, కొలతలు అయిదైతే నాలుగుతో భాగించావేం?" అని అడిగాను.

"మా అన్నయ్య అట్లా చెయ్యాలన్నాడండీ, మాస్టారూ. కాలేజీలో చదువుతున్నాడు," అన్నది.

"అన్నయ్య మాట సరే, నీ మాట చెప్పు. నువ్వు తీసినవి అయిదు కొలతలు. అయిదూ లెక్కలోకి వచ్చాయి. మరి ఒకటి ఎక్కడికి పోయింది?"

ఆ పిల్ల కాస్సేపు తల వంచుకుని నిలబడి, "మనకు కావలసింది ఈ అయిదింటి సంగతి కాదు కదండీ. ఆరోసారి కొలిస్తే ఎట్లా వస్తుందో, ఆ సంగతి కదండీ," అన్నది నెమ్మదిగా.

నాకు తొందరగా ఉన్నది. ఇంకా చూడవలసిన ప్రయోగాలు చాలా ఉన్నాయి. "అయిదుకు అయిదే," అని రెండు మార్కులు తగ్గించి ముందుకు సాగిపోయాను. సాయంకాలం నోటీసు బోర్డు మీద ఫలితాలు పెట్టారు. ఆ రెండు మార్కులతోనే ఆమె మొదటి బహుమతి పోగొట్టుకున్నది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. "ఆరోసారి" అన్న మాట చెవిలో గింగురుమంటూనే ఉంది. చివరకు లేచి, దీపం వేసి, మూడు చీటీలు చింపి వాటి మీద 2, 4, 6 అని రాసి ఒక చెంబులో వేశాను. మీరు కూడా ఇప్పుడు మూడు చీటీలు రాసుకోండి. ఇది చదివి వదిలేసేది కాదు, చేసి చూడవలసింది.

ఈ మూడు చీటీలే మన బస్తా అనుకోండి. బస్తా అంతా మన ఎదుటే ఉంది. సగటు 4. సగటుకు ఉన్న దూరాలు 2, 0, 2. వర్గాలు 4, 0, 4, మొత్తం 8. బస్తాలో ఉన్నవి మూడే, మూడూ మనం చూశాం. కనుక 3తో భాగించాలి. వర్గాల సగటు 8/3. ఇది నిజమైన జవాబు. ఇందులో ఎవరికీ తగాదా లేదు.

ఇప్పుడు చెంబులోని చీటీలు చూడని మనిషి ఒకడు వచ్చాడనుకోండి. అతను ఒక చీటీ తీసి, చూసి, మళ్లీ చెంబులో వేసి, కలిపి, రెండోసారి తీస్తాడు. అతని చేతిలో ఉన్నది రెండు అంకెల మచ్చు. ఆ మచ్చు చూసి అతను చెంబు సంగతి చెప్పాలి. మచ్చు ఎన్ని రకాలుగా రావచ్చు? మొదటిసారి మూడు రకాలు, రెండోసారి మూడు రకాలు. అంతా 9 రకాలు.

ఒక్కొక్క మచ్చుకూ దాని సొంత సగటు కట్టి, వర్గాల మొత్తం చూద్దాం. రెండుసార్లూ ఒకే చీటీ వచ్చేవి 3 మచ్చులు. వాటికి మొత్తం సున్న. పక్క పక్క అంకెలు వచ్చేవి, అనగా 2–4, 4–2, 4–6, 6–4, ఇవి 4 మచ్చులు, ఒక్కొక్కదానికి 2. చివరి అంకెలు వచ్చేవి, అనగా 2–6, 6–2, ఇవి 2 మచ్చులు, ఒక్కొక్కదానికి 8. అన్నీ కలిపితే 8, 16 వెరసి 24.

మచ్చులో రెండు అంకెలున్నాయి గదా అని ప్రతిసారీ 2తో భాగిస్తే ఆ 24 కాస్తా 12 అవుతుంది. 9 మచ్చుల మీద సగటు 12/9, అనగా 4/3. నిజమైన జవాబు 8/3 కదా! ఇది సరిగ్గా అందులో సగం. అదే, రెండుకు ఒకటి తక్కువగా, 1తో భాగిస్తే 24/9, అనగా 8/3. చూశారా! నిజమైన జవాబు గీత గీసినట్టు సరిపోయింది.

నేను ఎర్ర పెన్సిలు కింద పెట్టేశాను.

ఎందుకిలా జరుగుతుంది? 2, 4 వచ్చిన మచ్చునే తీసుకోండి. దాని సొంత సగటు 3. అక్కడినుంచి దూరాలు 1, 1. వర్గాల మొత్తం 2. కాని చెంబు అసలు సగటు 4. అక్కడినుంచి దూరాలు 2, 0. వర్గాల మొత్తం 4. మచ్చు తన సగటును తనలోనుంచే తయారుచేసుకుంటుంది. అది ఎప్పుడూ తన అంకెల నడుమనే కూర్చుంటుంది. అందుచేత సొంత సగటునుంచి కట్టిన వర్గాల మొత్తం అసలు సగటునుంచి కట్టినదానికన్న తక్కువగానో, మహా అయితే సమానంగానో ఉంటుంది గాని, ఎక్కువ కాదు. ఆ లోటు పూడ్చడానికే ఒకటి తగ్గించి భాగిస్తాం.

ఇంకో విధంగా చూడండి. లోలకం లెక్కలో అయిదు దూరాలనూ కలిపితే సున్న వచ్చింది కదా? నాలుగు దూరాలు చెప్పి అయిదోది దాచిపెట్టినా, అదేమిటో మీరు ఇట్టే చెప్పగలరు. అనగా స్వతంత్రంగా ఉన్న దూరాలు నాలుగే. అయిదోది వాటికి కట్టుబడి ఉంది. "ఒకటి ఎక్కడికి పోయింది?" అని నేనడిగిన ప్రశ్నకు జవాబిదే. అది సగటు కట్టడంలో ఖర్చయిపోయింది.

మర్నాడు ఉదయం ప్రార్థన అయిన తరవాత నేను పిల్లలందరి ఎదుటా నిలబడి, "నిన్న లెక్క తప్పింది ఈ అమ్మాయి కాదు, నేను," అని చెప్పి, రెండు మార్కులూ తిరిగి వేశాను. మొదటి స్థానంలో ఉన్న అబ్బాయితో ఆమె సమానమైంది. ఇద్దరికీ మొదటి బహుమతి ఇచ్చాం. అమ్మాయి ఏమీ అనలేదు గాని, ఆ ఏడాది అంతా నా లెక్కల తరగతిలో మొదటి బల్ల మీద కూర్చున్నది.

అయితే ఎప్పుడూ ఒకటి తగ్గించవలసిందేనా? కాదు. ముందు ప్రశ్న ఏమిటో చూసుకోవాలి. ఒక తరగతిలో అయిదుగురే పిల్లలున్నారు. "ఈ తరగతిలో మార్కులు ఎంత చెదిరి ఉన్నాయి?" అన్నదే ప్రశ్న అయితే అయిదుగురూ మీ ఎదుటే ఉన్నారు, 5తో భాగించండి. కాని ఆ అయిదుగురినీ చూసి జిల్లాలోని పిల్లలందరి సంగతి చెప్పదలిస్తే వాళ్లు మచ్చు అవుతారు, 4తో భాగించాలి. అంకెలు అవే, ప్రశ్న మారింది.

ప్రయోగాలలో ఒక చిక్కుంది. అక్కడ బస్తా కంటికి కనబడదు. మీరు అదే ప్రయోగాన్ని మళ్లీ మళ్లీ చేస్తూ పోతే రాగల కొలతలన్నీ కలిపి బస్తా. అదెక్కడా కట్టి పెట్టి లేదు. అందుకే "నేను తీసినవన్నీ లెక్కలోకి వచ్చాయి" అని మోసపోతాం. ప్రయోగంలో తీసిన కొలతలు దాదాపు ఎప్పుడూ మచ్చే.

ఒక్కటే కొలత తీసినవాడి సంగతి చూడండి. 1తో భాగిస్తే జవాబు సున్న. అనగా "నా కొలతలో తేడాయే ఉండదు" అన్నట్టు! ఇంతకన్న అబద్ధం ఉందా? ఒకటి తగ్గిస్తే సున్నను సున్నతో భాగించవలసి వస్తుంది; జవాబే రాదు. "ఒక్క కొలత చూసి నేను చెప్పలేను" అని లెక్క నిజాయితీగా ఒప్పుకుంటున్నదన్న మాట. కొలతలు 5 ఉన్నప్పుడు రెండు పద్ధతులకూ జవాబులో తేడా నూటికి 12 వంతులు. 100 కొలతలుంటే నూటికి అర వంతే. మచ్చు చిన్నదైన కొద్దీ ఈ జాగ్రత్త అవసరం.

ఒకే నక్షత్రాన్ని మళ్లీ మళ్లీ కొలిచే ఖగోళ శాస్త్రజ్ఞులకు ఈ చిక్కు ముందే ఎదురైంది. జర్మనీ దేశపు గణితజ్ఞుడు గౌస్ 1823 నాటికే దీని మర్మం చెప్పాడు. 1838లో ఒక నక్షత్రం దూరాన్ని కొలిచి చూపిన బెస్సెల్ పేరుమీద దీన్ని ఇప్పుడు "బెస్సెల్ దిద్దుబాటు" అంటున్నారు. కొద్దిపాటి మచ్చునుంచి ఎంతవరకు నిజం రాబట్టవచ్చునో, ఆ హద్దును 1945లో చూపినవారిలో మన తెలుగువారైన సి. ఆర్. రావు గారు ఒకరు. ఆయన విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివారు.

తల్లిదండ్రులకు ఒక మాట. కంప్యూటరులో ఎక్సెల్ వాడేవారికి ఈ లెక్కకు రెండు సూత్రాలు కనబడతాయి. చివర "పి" ఉన్నది బస్తా అంతటికీ, "ఎస్" ఉన్నది మచ్చుకూ. ఏది నొక్కాలో యంత్రం చెప్పదు. మీ అబ్బాయో అమ్మాయో ఏ ప్రశ్న అడుగుతున్నారో దాన్నిబట్టి ఉంటుంది. మరో సంగతి: చీటీల లెక్కలో గీత గీసినట్టు సరిపోయింది వర్గాల సగటు. వర్గమూలం తీసిన తరవాత అంత కచ్చితంగా సరిపోదు, ఇంకా కాస్త తక్కువే పడుతుంది. అయినా లోటు చాలావరకు తీరుతుంది.

పిల్లలూ, ఒకటి తగ్గించినంత మాత్రాన అన్ని తప్పులూ పోవు. వాచీయే నెమ్మదిగా నడుస్తుంటే ఏ భాగహారమూ దాన్ని దిద్దలేదు. కొట్టువాడు మంచి బియ్యం పైన పోసి, నూకలు అడుగున పెడితే, పైనుంచి తీసిన మచ్చు మోసమే చేస్తుంది. చెయ్యి లోపలిదాకా పెట్టి తియ్యాలి.

ఇప్పుడు చీటీల మీద 1, 5, 9 అని రాసి, 9 మచ్చులూ తీసి మీరే లెక్క చెయ్యండి. నిజమైన జవాబు 32/3. ఏ భాగహారంతో అది వస్తుందో చూడండి. చూసిన తరవాత, మాస్టారు చెప్పారని కాదు, మీరు చేసి తెలుసుకున్నారు గనుక నమ్మండి.