అరవై నాలుగు గళ్ల గారడీ

విజయనగరం నుంచి ఒక పాఠకురాలు పంపిన ప్రశ్న ఈ నెల మిగతా ఉత్తరాలన్నిటినీ పక్కన పెట్టించింది. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవాన్ని వాళ్లబ్బాయి ఫోనులో తీసి, ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాడట. ఇంటిల్లిపాదీ పెద్ద తెర మీద చూద్దామని తీగ లేకుండా టీవీకి కలిపారు. బొమ్మ బాగానే మొదలైంది. సిరిమాను కోట వైపు కదిలి, నలుమూలల నుంచి భక్తులు అరటిపళ్లు విసరడం మొదలెట్టగానే జనమంతా చిన్నచిన్న చతురస్రాలుగా చెదిరిపోయారు. అదే వీడియో ల్యాప్‌టాప్ తెర మీద మాత్రం శుభ్రంగా ఉంది. పైగా మౌస్ కదిపితే టీవీలో బాణం గుర్తు ఓ క్షణం ఆగి గాని కదలడం లేదు. నెట్ వేగం చాలదేమోనని ఎక్కువ ఖరీదు ప్లాన్‌కు మారారు. ఫలితం లేదు. ఎందుకని?

నెట్ సంగతి ముందే తేల్చేద్దాం, ఎందుకంటే దానికీ దీనికీ సంబంధం లేదు. విండోస్ ల్యాప్‌టాప్‌లో విండోస్ మీట, కె మీట కలిపి నొక్కితే చుట్టుపక్కల తెరల పేర్లు కనిపిస్తాయి. దాని వెనక పనిచేసేది మిరాకాస్ట్ అనే ప్రమాణం. వైఫై అలయన్స్ 2012లో తెచ్చింది. సాధారణంగా ఇందులో ల్యాప్‌టాప్, టీవీ నేరుగా ఒకదానితో ఒకటి రేడియోలో మాట్లాడుకుంటాయి. మధ్యలో రౌటర్ అక్కర్లేదు, ఇంటర్నెట్ అసలే అక్కర్లేదు. మందస కొండల కింద సిగ్నల్ అందని ఊళ్లోనైనా ఇది పనిచేస్తుంది. నెట్ కంపెనీకి ఎక్కువ డబ్బు కట్టి టీవీ బొమ్మ బాగుపడాలని ఎదురుచూస్తున్నవాళ్లు మన జిల్లాల్లో ఇంకా ఎందరున్నారో!

ఇక అసలు విషయం. మామూలు ఫుల్ హెచ్‌డీ తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. అంటే 20,73,600 చుక్కలు. ఒక్కో చుక్క రంగు చెప్పడానికి 24 బిట్లు. సెకనుకు 60 బొమ్మలు. గుణిస్తే సెకనుకు దాదాపు 300 కోట్ల బిట్లు. ఇంట్లో వైఫై నమ్మకంగా, ఆగకుండా మోయగలిగేది చాలాసార్లు సెకనుకు కొన్ని కోట్ల బిట్లే. రెండు కోట్లనుకుంటే, బొమ్మలో 150 పాళ్లకు ఒక్క పాలు మాత్రమే గాలిలోకి వెళుతుంది. మిగతా 149 పాళ్లు ల్యాప్‌టాప్‌లోనే పారేస్తారు. అయినా మన కంటికి బొమ్మ అలాగే కనిపిస్తుంది. ఈ సాంకేతికతలో నన్ను నిద్రపోనివ్వనిది రేడియో కాదు, ఈ పారేయడమే.

పారేయడం ఇష్టంలేనివాళ్లు కూడా ఉండేవారు. 2008లో వైర్‌లెస్ హెచ్‌డీ అనే ప్రమాణం వచ్చింది. బొమ్మను కుదించకుండా ఉన్నదున్నట్టు పంపాలని దాని పట్టుదల. అంత సమాచారం మోయాలంటే బోలెడు ఖాళీ కావాలి కాబట్టి 60 గిగాహెర్ట్జ్‌కు ఎగబాకారు. ఆ తరంగాల పొడవు 5 మిల్లీమీటర్లు. (ఆ ప్రాంతపు తరంగాలతో జగదీశ్ చంద్రబోస్ కలకత్తాలో పంతొమ్మిదో శతాబ్దం చివర్లోనే ప్రయోగాలు చేశాడు. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు.) అయితే 5 మిల్లీమీటర్ల తరంగం ఇటుక గోడ ముందు చతికిలబడుతుంది. మనిషి అడ్డం నడిచినా తడబడుతుంది. టీవీ ముందు నుంచి ఎవరూ నడవని ఇల్లు మన ఉత్తరాంధ్రలో ఎక్కడుంది? ఆ ప్రమాణం ఇళ్లలో నిలవలేదు. పారేసేవాళ్లే గెలిచారు.

ఎలా పారేస్తారో చూద్దాం. బొమ్మను ముందు చిన్న గళ్లుగా కోస్తారు. మొదట్లో నిలిచిన కొలత అడ్డం ఎనిమిది, నిలువు ఎనిమిది: మొత్తం 64 చుక్కలు. ఇప్పుడు మిరాకాస్ట్ వాడే హెచ్.264 పద్ధతిలో 4×4 గళ్లు కూడా ఉంటాయి. 64 చుక్కల వెలుగును 64 సంఖ్యలుగా రాస్తే ఏదీ పారేయలేం, ఏ చుక్క తీసేసినా అక్కడ చిల్లు పడుతుంది. కాబట్టి సంఖ్యలను వేరే విధంగా రాయాలి.

బొబ్బిలి వీణ తీగను ఒక్కసారి మీటండి. ఒక్క స్వరం విన్నామనుకుంటాం. తీగ మొత్తంగా ఊగుతూనే రెండు భాగాలుగా, మూడు భాగాలుగా, నాలుగు భాగాలుగా కూడా ఊగుతూ ఉంటుంది. ఆ ఊపులన్నీ వేర్వేరు పాళ్లలో కలిస్తేనే వీణ నాదం. ఏ ఊపు ఎంత పాలో రాసుకుంటే నాదాన్ని మళ్లీ కూర్చుకోవచ్చు. గడిలోని వెలుగునీ అలాగే విడదీయవచ్చు: గడి మొత్తం సగటు వెలుగు ఎంత, ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా మారే అల ఎంత, ఇంకొంచెం వేగంగా మారే అల ఎంత, ఇలా చివరికి చుక్కచుక్కకూ నలుపు తెలుపులు మారిపోయే అతి వేగపు అల ఎంత. 64 చుక్కలకు 64 అలల పాళ్లు. సంఖ్యలు తగ్గలేదు గాని వాటి మధ్య సమానత్వం పోయింది. అసలు మర్మం ఇదే.

లెక్క చేసి చూద్దాం, నాకు ఇది చేసినప్పుడల్లా కొత్తగానే ఉంటుంది. ఏటవాలు ఎండ పడ్డ విజయనగరం కోట గోడలో ఒక వరుస తీసుకోండి: వెలుగు 10, 20, 30, 40, 50, 60, 70, 80. కొసైన్ అలలుగా విడదీస్తే వచ్చే ఎనిమిది పాళ్లు సుమారుగా 127, −64, 0, −7, 0, −2, 0, −0.5. మొదటిది సగటుకు గుర్తు. రెండోదాన్ని మీరే రాబట్టవచ్చు: ఆ ఎనిమిది సంఖ్యలను వరుసగా 11.25, 33.75, 56.25 డిగ్రీలు... ఇలా 22.5 డిగ్రీల చొప్పున పెంచుకుంటూ వాటి కొసైన్‌లతో గుణించి, కూడి, సగం చేయండి. పదో తరగతి పిల్లలు కూడా చేయగలరు. ఇప్పుడు ఆ పాళ్ల వర్గాలు కూడి చూడండి. మొదటి రెంటిలోనే 99 శాతానికి పైగా ఉంది! మిగతా ఆరింటినీ గుండు సున్నా చేసినా గోడ గోడలాగే కనిపిస్తుంది. ఎనిమిది పంపాల్సిన చోట రెండు పంపితే చాలు.

ఇలా అలలుగా విడదీయవచ్చన్న మాట జోసెఫ్ ఫూరియే 1807లో పారిస్‌లో చెప్పాడు. వేడి ఎలా పాకుతుందన్న పరిశోధన అది. వినడానికి కూర్చున్నవారిలో లాగ్రాంజ్ ఉన్నాడు, ఆ కాలపు గణితంలో ఆయనకు మించినవాడు లేడు. ఎలాంటి ప్రమేయాన్నయినా ఇలా అలల మొత్తంగా రాయవచ్చంటే ఆయన ఒప్పుకోలేదు. ఫూరియే పుస్తకం 1822కు గాని అచ్చు కాలేదు. లాగ్రాంజ్ అభ్యంతరంలో గణిత నిష్ఠ ఉంది, కాదనను. కానీ ప్రపంచం ఫూరియే వెంటే నడిచింది.

అయితే ఫూరియే పద్ధతిని ఉన్నదున్నట్టు గడి మీద ప్రయోగిస్తే ఒక చిక్కు. ఆ గణితం గడిలోని వరుస అంతులేకుండా పునరావృతమవుతోందని భావిస్తుంది: 10 నుంచి 80 దాకా ఎక్కి, మరుక్షణం మళ్లీ 10కి పడిపోతుంది. ఆ పడిపోవడం అసలు బొమ్మలో లేదు, మనం గడి కోయడం వల్ల పుట్టింది. లేని ఆ అగాధాన్ని వర్ణించడానికి వేగపు అలలెన్నో ఖర్చవుతాయి. కొసైన్ పద్ధతి దీనికి చేసే ఉపాయం చూడండి: గడి అంచున ఒక ప్రతిబింబం నిలబెడుతుంది. 10 నుంచి 80 దాకా ఎక్కాక 80 నుంచి 10 దాకా మెల్లగా దిగుతుంది. అగాధం లేదు, కాబట్టి దాని ఖర్చూ లేదు. ఈ ఉపాయం కాగితం మీద రెండు గీతల్లో అర్థమైపోతుంది.

అంత తేలిగ్గా ఉండటమే దానికి శాపమైంది. బెంగళూరులో పుట్టి అమెరికాలోని కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్న నసీర్ అహ్మద్ 1972లో దీని మీద పరిశోధనకు డబ్బు కోసం అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను అడిగారు. ఇవ్వలేదు. ఈ ఆలోచన మరీ తేలికగా ఉందని ఒక పరీక్షకుడు రాశారట. ఆ సంగతి అహ్మద్ 1991లో స్వయంగా రాశారు. డబ్బు లేకపోయినా ఆయన మానలేదు. శిష్యుడు నటరాజన్, స్నేహితుడు కె.ఆర్. రావులతో కలిసి 1974 జనవరిలో నాలుగు పేజీల వ్యాసం అచ్చు వేయించారు. అప్పట్లో కూడికలు, తీసివేతలతో సరిపోయే హడమార్డ్ పద్ధతి చాలామందికి ముద్దు. ఆ నాలుగు పేజీలు దాన్ని వెనక్కి నెట్టేశాయి.

ఆ కె.ఆర్. రావు అంటే కామిశెట్టి రామమోహనరావు. ఇంటిపేరే చెబుతోంది మన భాష వాడని. మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో 1952లో పట్టా పుచ్చుకుని, అమెరికా వెళ్లి, న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో 1966లో డాక్టరేట్ పొందారు. అహ్మద్ డాక్టరేట్ కూడా అక్కడే, అదే సంవత్సరం. రావు తర్వాత జీవితమంతా ఆర్లింగ్టన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో బోధించి 2021లో కన్నుమూశారు. మీరు వాట్సాప్‌లో పంపే ప్రతి ఫొటోలో, చూసే దాదాపు ప్రతి వీడియోలో ఆయన పేరున్న గణితం పనిచేస్తోంది. మన ఇంజినీరింగ్ విద్యార్థులు ఆ సూత్రాన్ని పరీక్ష కోసం బట్టీ పట్టి, ఆయన పేరు వినకుండానే బయటికి వస్తున్నారు. ఇది నాకు బాధ.

ఇప్పుడు పాఠకురాలి చతురస్రాలకు వద్దాం. పాళ్లు తేలాక వాటిని గుండ్రటి సంఖ్యలకు దించుతారు, చిన్నవి సున్నా అయిపోతాయి. ఎంత మొరటుగా దించాలన్నది గాలిలో ఎంత చోటుందన్నదాన్ని బట్టి ఉంటుంది. గోడ, ఆకాశం, పట్టుచీర అయితే రెండు మూడు పాళ్లతో సరి. అదే వేల తలలు, ఎగిరే అరటిపళ్లు ఉన్న గడిలో వేగపు అలలూ పెద్దవే, ఏదీ సున్నా కాదు. చోటు చాలక అన్నిటినీ మొరటుగా దించేస్తారు. ప్రతి గడీ విడివిడిగా తన సగటుకు జారిపోతుంది, పక్క గడితో అంచు కలవదు. మనకు కనిపించే చతురస్రాలు ఆ గళ్లే. హెచ్.264 అంచులను నునుపు చేయబోతుంది గాని, దానికీ ఒక హద్దుంది.

బొమ్మకూ బొమ్మకూ మధ్య ఇంకో పొదుపు ఉంది. కిందటి ఫ్రేములో ఈ ముక్క ఎక్కడుండేదో వెతికి, ఇంత దూరం జరిగిందని మాత్రం పంపుతారు. తేలినీలాపురం చింతచెట్ల మీద కొంగల గూళ్లను కదలని కెమెరాతో తీస్తే దాదాపు అంతా ఇలాగే సరిపోతుంది. కళింగపట్నం తీరంలో నురగ తీస్తే ఏ ముక్కా కిందటి ఫ్రేములో దొరకదు. సిరిమాను ఊరేగింపు ఆ రెండో రకం.

ఆలస్యం కూడా ఇక్కడిదే. బాణం కదిలిన తెరను పట్టుకోవాలి, గళ్లు కోయాలి, వెతకాలి, అలలుగా మార్చాలి, పొట్లాలు కట్టాలి. పక్కింటి వైఫై, మన ఫోన్లు మాట్లాడటం ఆపేదాకా గాలిలో చోటు కోసం ఆగాలి. టీవీ కొన్ని పొట్లాలను పోగేసుకుంటుంది, లేకపోతే ఒక్కటి ఆలస్యమైనా బొమ్మ ఆగిపోతుంది. తర్వాత విప్పి, తన సొంత మెరుగులు దిద్ది చూపిస్తుంది. అన్నీ కలిపి సెకనులో పదో వంతు, ఐదో వంతు అయిపోవడం మామూలే. వీడియో చూసేవారికి అది తెలియదు. చెయ్యి మౌస్ మీద ఉన్నవారికి వెంటనే తెలుస్తుంది.

ఇదే హెచ్.264తో కుదించిన సినిమాకు ఈ బాధ లేదు. సినిమాను కుదించేవాళ్లు తీరిగ్గా కూర్చుని, వెనక ఫ్రేమునీ, ముందు రాబోయే ఫ్రేమునీ చూసి మధ్యదాన్ని ఊహిస్తారు. తెరను అప్పటికప్పుడు పంపే ల్యాప్‌టాప్‌కు రాబోయే ఫ్రేము కోసం ఆగే తీరిక ఎక్కడిది?

దీన్నుంచే ఈ పాఠకురాలికి దారి దొరుకుతుంది. ఫోను సిరిమాను వీడియోను ఒకసారి కుదించింది. ల్యాప్‌టాప్ దాన్ని విప్పి తెర మీద వేసి, ఆ తెరను హడావుడిగా రెండోసారి కుదించి పంపింది. నష్టం మీద నష్టం. అదే ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకే తగిలిస్తే రెండో కుదింపే ఉండదు, అరటిపళ్లు కూడా లెక్కపెట్టుకోవచ్చు. ఆన్‌లైన్ వీడియోలకైతే తెర మొత్తం పంపకుండా క్యాస్ట్ గుర్తు నొక్కండి, టీవీ ఆ వీడియోను తానే నెట్ నుంచి తెచ్చుకుంటుంది. ఇక్కడ మాత్రం నెట్ వేగం పనికొస్తుంది. మౌస్‌తో పని ఉన్నవాళ్లు, ముఖ్యంగా పిల్లలకు పాఠాలు చెప్పేవాళ్లు, ఒక హెచ్‌డీఎంఐ తీగ కొనుక్కోవడం మేలు. తీగలో సెకనుకు 300 కోట్ల బిట్లూ కుదింపు లేకుండా వెళతాయి. తీగ లేకపోవడమే గొప్పని కొట్లలో చెబుతున్నారు గాని, ఖరీదైన టీవీ కొన్నవాళ్లకు ఈ తేడా ఒక్కరూ వివరించడం లేదు.