మీకు తెలుసా? ‘నల్ల గడ్డం’ నిజానికి ఎర్రది!

అక్వేరియం ఫిల్టర్ మూతికీ గాలి గొట్టం చివరకూ నల్లటి కుచ్చులా పట్టుకుని, గోటితో గీకినా ఊడిరాని నాచును చేపలు పెంచేవాళ్లు ‘నల్ల గడ్డం’ అంటారు. శాస్త్రం లెక్కలో అది ఎర్ర నాచుల వర్గానిది. ఓ కుచ్చు పీకి స్పిరిట్‌లో వేస్తే పత్రహరితం కరిగిపోయి, దాని మాటున దాగిన ఎరుపు బయటపడుతుంది.

గొట్టాల లోపలి గోధుమరంగు జిగురు సంగతి వేరు. వెలుతురు సోకని చోట నాచు ఎదగదు కాబట్టి అది చాలావరకు బ్యాక్టీరియా పొరే. అదే పారదర్శకమైన గొట్టం కిటికీ పక్కన ఉందా, లోపల కూడా పచ్చబడుతుంది. పొడవాటి తీగ బ్రష్ దూర్చి లాగితే రెండూ వస్తాయి.

మొండి నాచు పట్టిన పరికరాన్ని ప్లగ్ తీసి, తొట్టి బయటపెట్టి, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి కాసేపాగి కడగాలి. బోరునీళ్ల తెల్లచారకు వెనిగర్ చాలు. బ్లీచ్ వాడిన చోట వెనిగర్ పొయ్యకండి, విషపూరితమైన క్లోరిన్ వాయువు పుడుతుంది. సబ్బు ఊసే వద్దు.

ఫిల్టర్ స్పాంజిని మాత్రం తళతళలాడేలా తోమడం అతిశుభ్రం. చేపల వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియాను మార్చే బ్యాక్టీరియా కాపురం అందులోనే. కుళాయి నీటి క్లోరిన్ వాటిని చంపేస్తుంది. తొట్టిలోంచి తోడిన నీళ్లలోనే రెండుసార్లు పిండి, తిరిగి పెట్టేయండి.